పక్కనే కృష్ణ, అయినా ఎండే బోర్లు: దక్షిణ తెలంగాణ నీళ్ల లెక్క

క్లుప్తంగా

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నీటి కొరతను వాన లెక్కతోనే చూస్తే సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఎత్తులోను, బండలోను ఉంది. నది పల్లంలో పారుతోంది, ఊళ్లు మెరకలో ఉన్నాయి. ఊళ్ల కింద ఉన్న గ్రానైట్ కొద్ది నీళ్లనే దాచుకుంటుంది, దాచుకున్న నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతుంది. అందులోంచి ఇంటికి పోయేది చిన్న వాటా, యాసంగి వరికి పోయేది పెద్ద వాటా. రెండూ ఒకే బండ పగుళ్ల నుంచి వచ్చే ఊళ్లలో తాగునీటిని, సాగునీటిని వేర్వేరు సమస్యలుగా చూడటం కుదరదు.

నది పల్లంలో, ఊళ్లు మెరకలో

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి దాదాపు 180 మీటర్లు. శ్రీశైలం నిండుకుండలా ఉన్నా 885 అడుగులే, అంటే 270 మీటర్లు. జూరాల 318 మీటర్లు. నల్లగొండ పట్టణం ఉన్నది సాగర్ మట్టం కంటే మెరకలో. మహబూబ్‌నగర్ ఇంకా పైన, 500 మీటర్ల దరిదాపుల్లో. నీరు పల్లమెరుగు అన్న మాటకు ఈ అంకెలు చాలు. సాగర్ ఎడమ కాల్వ నేల వాలును పట్టుకొని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు పోయింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు ఆ కాల్వకు పైనే మిగిలిపోయాయి. 1955 డిసెంబర్ 10న డ్యాంకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. అప్పటి నుంచి ఒకే జిల్లాలో రెండు తీర్ల బతుకు నడుస్తోంది. ఒకవైపు రెండు పంటల వరి, వరుసగా రైస్ మిల్లులు. మరోవైపు బోరు మీద బోరు, బత్తాయి తోట ఎండిపోకుండా ట్యాంకర్లతో తడులు.

చందంపేట, నేరేడుగొమ్ము మండలాల గుట్టల మీంచి చూస్తే సాగర్ వెనుక జలాలు కనిపిస్తాయి. ఆ నీళ్లు ఊళ్లకు ఎక్కాలంటే మాత్రం మోటార్లే దిక్కు. ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో జరుగుతున్నది అదే. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కడి నుంచి కొంత నల్లగొండ మెట్టలకు, కొంత హైదరాబాద్ తాగునీటికి పోతుంది. మోటార్ల అవసరం లేకుండా శ్రీశైలం నుంచి నీళ్లు తేవాలని మొదలుపెట్టిందే దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఎత్తును మోటారుతో దాటాలన్నా, కొండను తొలిచి దాటాలన్నా మూల్యం పెద్దదే.

గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. రెండు నదుల మధ్య ఉన్న ఈ నేల రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. తెలంగాణ సగటు వాన దాదాపు 905 మిల్లీమీటర్లు కాగా, ఇక్కడ అందులో మూడింట రెండు వంతులు కూడా పడని ఏళ్లు ఎన్నో. రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే కాల్వ ముందు కర్ణాటకలో పారి ఆ తర్వాతే తెలంగాణలోకి వస్తుంది. కాగితం మీద 87,500 ఎకరాల ఆయకట్టు మన వైపు ఉంది. కాల్వ పొడవునా పూడిక, గండ్లు, పైన అదనంగా తోడుకోవడం అన్నీ దాటి నీళ్లు రావాలి. కొరత ఏదైనా ముందుగా తగిలేది చివరి తూముకే.

కాల్వ ఉన్న ఊళ్లకైనా పూర్తి భరోసా లేదు. 2023లో కృష్ణకు వరద సరిగా రాలేదు, సాగర్ నిండలేదు, ఆ యాసంగికి ఎడమ కాల్వ కింద వరికి నీళ్లు ఇవ్వలేదు. 2024 ఏప్రిల్ నాటికి నీటిమట్టం 510 అడుగుల వైపు జారిపోవడంతో హైదరాబాద్ తాగునీటి కోసం అత్యవసర పంపింగ్ మొదలుపెట్టాల్సి వచ్చింది. కాల్వ ఎండినప్పుడు పోయేది పొలం తడి ఒక్కటే కాదు. కాల్వ నుంచి, వరి మళ్ల నుంచి నేలలోకి ఊరే నీళ్లతోనే అక్కడి బావులు, బోర్లు నిండుతాయి. కాల్వ బంద్ అయిన కొన్ని వారాలకే ఆ బావుల మట్టం కిందికి పోతుంది.

బోరు బండి బయటపెట్టే సంగతి

మెరక ఊళ్లో బోరు వేస్తుంటే పక్కన నిలబడి, పైకి వచ్చే పొడిని చూస్తే నేల కింద ఏముందో తెలుస్తుంది. మొదట ఎర్రమట్టి, తర్వాత మొరం. ఆ కింద చేత్తో నలిపితే పొడయ్యే మెత్తబడ్డ రాయి. ఈ పొర చాలా చోట్ల 10 నుంచి 20 మీటర్ల మందం ఉంటుంది. వాన నీళ్లు నిలవ ఉండేది ప్రధానంగా ఇందులోనే. పాత మోటబావులన్నీ ఈ పొరలోనే తవ్వారు. దాని కింద గట్టి గ్రానైట్. అక్కడి నుంచి వచ్చేది తెల్లటి పొడి. మధ్యలో పొడి గోధుమ రంగుకో ఎరుపుకో తిరిగి, రాతి పలుకుల మీద తుప్పు మరక కనిపిస్తే పగులు తగిలిందని గుర్తు. నీళ్లు ఉంటే ఆ పగుళ్లలోనే ఉండాలి. 100 మీటర్లు దాటాక పగుళ్లు బాగా తగ్గిపోతాయి. అందుకే 300 అడుగుల్లో పడని నీళ్లు 800 అడుగుల్లో పడతాయన్న ఆశ ఎక్కువసార్లు అప్పుగానే మిగులుతుంది.

కొత్త బోరు మొదటి రోజు రెండించుల నీళ్లు పోసిందని సంబరపడటం మామూలే. గాలి ఒత్తిడితో ఫ్లషింగ్ చేసినప్పుడు పగుళ్లలో అప్పటికే నిలవ ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఆ పగుళ్లకు మళ్లీ నీళ్లు చేరేది పైనున్న మెత్తటి పొర నుంచి, మెల్లమెల్లగా. సగం రోజు నడిపాక వచ్చేదే బోరు అసలు సత్తా. దాన్ని చూడకుండా పెద్ద మోటారు దించితే బోరు ఆగి ఆగి పోస్తుంది, నీళ్లు లేకుండా తిరిగి మోటారు కాలిపోతుంది. కేసింగ్ పైపు గట్టి రాయిలో కూర్చోకపోతే మట్టి జారి బోరు పూడుతుంది. రెండు వేలు మిగులుతాయని కేసింగ్ తగ్గించిన చోట ఇదే నష్టం.

బండలో ఎన్ని నీళ్లు పడతాయో కోనసీమతో పోల్చి చూడొచ్చు. ఒక ఎకరం కింద నీటిమట్టం ఒక మీటరు పడిపోయేదాకా తోడితే, మెత్తబడ్డ గ్రానైట్ ఇచ్చేది దాదాపు 1.2 లక్షల లీటర్లు. గోదావరి, కృష్ణా డెల్టాల ఇసుక నేల అదే ఒక మీటరుకు 6 లక్షల లీటర్ల పైన ఇస్తుంది. రాయిలో నీళ్లు ఇచ్చే ఖాళీ 3 శాతం దగ్గర ఉంటే, ఇసుక ఒండ్రులో 16 శాతం దాకా ఉంటుంది. డెల్టాలో కాల్వలు ఏడాదిలో చాలా నెలలు పారి ఆ ఖాళీని నింపుతూనే ఉంటాయి. అక్కడ నీళ్లు తోడేవాళ్లు పొదుపరులని కాదు, కింద పాత్ర పెద్దది. ఇక్కడ పాత్ర చిన్నది. చిన్న పాత్ర వానకు తొందరగా నిండుతుంది, అంతే తొందరగా అడుగంటుతుంది. ఒక్క మంచి వానాకాలానికి బోర్లన్నీ లేచి, మరుసటి ఏప్రిల్‌కే మళ్లీ ఆగిపోవడం వెనుక ఉన్నది ఇదే.

ఎకరం వరికి పదిహేడు ఎకరాల వాన

నల్లగొండ, పాలమూరు మెట్టల్లో ఏడాదికి 650 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మెత్తబడ్డ గ్రానైట్ నేలలో అందులో 11 శాతం భూగర్భంలోకి ఇంకుతుందని భూగర్భజల అంచనాల్లో లెక్కిస్తారు. అంటే 70 మిల్లీమీటర్లు. ఎకరానికి 2.8 లక్షల లీటర్లు. రాతిలో ఖాళీ 3 శాతమే కాబట్టి ఆ కొద్ది నీళ్లకే నీటిమట్టం 2 మీటర్ల పైన లేస్తుంది. చూడటానికి బావి నిండినట్టే ఉంటుంది.

యాసంగి వరికి నాటు నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. ఎర్ర చెల్క నేలల్లో ఇంకుడు ఎక్కువ కాబట్టి ఇంతకు మించే తాగుతుంది. అంటే ఒక ఎకరం వరికి 17 ఎకరాల్లో ఇంకిన వాన నీళ్లు కావాలి. మడిలో ఇంకిన నీళ్లలో 35 నుంచి 40 శాతం తిరిగి భూగర్భానికే చేరుతుందని తీసేసినా, నికరంగా పదెకరాల పైచిలుకు ఇంకుడు ఒక ఎకరానికే ఖర్చవుతుంది. 2,000 ఎకరాల శివారు ఉన్న ఊళ్లో చెరువు, కాల్వ ఆసరా లేకుండా బోర్ల మీదే 190 ఎకరాల వరి వేస్తే ఆ ఏడాది ఇంకిన వాన మొత్తం అయిపోయినట్టే. అంతకు మించి నాటిన ప్రతి ఎకరం పాత నిలవలోంచి తోడుతున్నదే.

ఇంటి వాడకాన్ని దీనితో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2,000 మంది జనం ఉన్న ఊరు మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఏడాదంతా వాడే నీళ్లు 7.3 కోట్ల లీటర్లు. అది 15 ఎకరాల యాసంగి వరికి సమానం. నల్లా దగ్గర కారే నీళ్ల గురించి ఎంత చెప్పినా ఊరి నీటిమట్టాన్ని తేల్చేది నల్లా కాదు, జనవరిలో పడే నాట్లు.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిపూట పొలానికి పోయి పాము కాటుకు, కరెంటు షాకుకు గురయ్యే ముప్పు తగ్గింది. అది చిన్న మేలు కాదు. కరెంటు కోత ఉన్న రోజుల్లో మాత్రం బోరుకు తెలియకుండానే విశ్రాంతి దొరికేది, పగుళ్లలోకి నీళ్లు ఊరేవి. ఆటో స్టార్టర్లు పెట్టి అన్ని బోర్లూ ఒకేసారి నడిస్తే ఆ ఊట అందుకోలేదు. ముందు ఎండేది తక్కువ లోతున్న బోరే. అది చాలాసార్లు చిన్న రైతుది, లేదా ఊరి తాగునీటి బోరు.

ఇంట్లో ఎన్ని బిందలు

ఒక బింద 15 నుంచి 18 లీటర్లు పడుతుంది. నది నీళ్లను ఇంటింటి నల్లాకు ఇచ్చే మిషన్ భగీరథ పథకంలో పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం మనిషికి రోజుకు 100 లీటర్లు, అంటే ఆరు బిందలు. తాగడానికి, వంటకు 8 నుంచి 10 లీటర్లు, స్నానానికి 20 నుంచి 25, మరుగుదొడ్డికి 20 దాకా, బట్టలకు, గిన్నెలకు, వాకిలికి కలిపి 30 నుంచి 35. మనిషి వరకు లెక్క సరిపోతుంది. ఈ లెక్కలో లేనిది బర్రె. పాలిచ్చే బర్రె ఎండాకాలం రోజుకు 60 లీటర్ల దాకా తాగుతుంది. రెండు బర్రెలున్న ఇంటికి ఒక మనిషి పెరిగిన దానికంటే ఎక్కువ ఖర్చు. కాల్వ ఊళ్లో బర్రెను కాల్వకు తోలుతారు, బట్టలు అక్కడే ఉతుకుతారు, నల్లా నీళ్లు వంటింటికే సరిపోతాయి. మెరక ఊళ్లో అన్నీ ఆ నల్లా మీదే నడవాలి. అదే 100 లీటర్లు ఒక చోట మిగులు, మరో చోట తరుగు. మెరక ఊళ్ల వాళ్లు నీళ్లు ఎక్కువ వాడుతున్నారనే మాటలో న్యాయం లేదు.

నల్లా నీళ్లు అందకపోవడం కూడా చాలాసార్లు ఎత్తు సంగతే. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నీళ్లు వాలుకే పారతాయి. పల్లపు వాడలో నల్లా కింద గుంత తవ్వి, నీళ్లు సమంగా పంచడానికి బిగించిన వాల్వు తీసేస్తే మెరక వాడకు ఒత్తిడి పడిపోతుంది. మెరక వాడ వాళ్లు నల్లాకు మోటారు బిగిస్తారు. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటికంటే తగ్గి, అతుకుల దగ్గర పగులు ఉంటే మోరీ నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి. చివరి ఇంటి నల్లాలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలనే నియమం ఇలాంటి కలుషితం కోసమే. ఆ వాసన నచ్చకపోతే మూత లేని గిన్నెలో కొంతసేపు ఉంచితే తగ్గుతుంది.

నల్లా ఉన్నా 20 లీటర్ల క్యాన్ కొంటున్నారంటే రుచి ఒక కారణం. ఆర్‌వో ప్లాంటు నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. వాటికి అలవాటుపడ్డ నాలుకకు నది నీళ్లు వేరుగా తోస్తాయి. ప్లాంటు దగ్గర గమనించాల్సింది బయటికి పోయే నీళ్లు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో సగాన్ని శుద్ధి చేస్తే, మిగిలిన సగంలో ఫ్లోరైడ్ దాదాపు 6 మిల్లీగ్రాములకు చేరుతుంది. ఆ పైపు మోరీలోకి వదిలితే అది అదే ఊరి నేలలోకి ఇంకుతుంది. పశువుల తొట్టిలోకి మళ్లించడం ఇంకా ప్రమాదం.

ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది

గ్రానైట్‌లోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి కూర్చోబెడుతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ పెరిగిన నీళ్లలో ఫ్లోరైడ్ కరుగుతూనే పోతుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ చేరుతుంది. తక్కువ లోతు బావిలో కొత్త వాన నీళ్లు, లోతు బోరులో పాత నీళ్లు. బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ పెరగడం అందుకే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. వ్యవసాయ బోర్లు పైపొరను ఎండగడితే తాగునీటి బోరును లోతుకు దించక తప్పదు. వరి లెక్కకు, పిల్లల పళ్ల మీది మరకలకు లంకె ఇక్కడే ఉంది.

నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు, 1940ల నాటికే వైద్యుల రాతల్లోకి ఎక్కింది. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన శుద్ధి పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతిలో నీళ్లకు సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు. ముందు వేగంగా, తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవాలి. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. చిక్కంతా మోతాదులో ఉంది. ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల పటిక కావాలి, అది బోరుకో తీరుగా మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ కొలిచి వేసే మనిషి లేని ఊళ్లో ఇది నిలబడలేదు.

భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మే నెలలో ఉపాధి పనికి పోయే కూలీ రోజుకు 6 లీటర్లు తాగితే 1.5 మిల్లీగ్రాముల నీళ్లతోనే 9 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి పోతుంది. చల్లటి దేశంలో 2 లీటర్లు తాగే మనిషికి అదే నీళ్లతో చేరేది 3 మిల్లీగ్రాములు. పాలమూరు ఎండకు 1.5 అన్నది వదులు పరిమితి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన మేరకు చిక్కబడుతుంది.

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. నది నీళ్లు వచ్చాక కొత్తగా పుట్టిన పిల్లలకు ఈ బాధ నుంచి రక్షణ దొరికింది. ఎముకలు వంగిపోయిన పెద్దలకు మాత్రం పోయిన నడుము తిరిగి రాదు. ఆ రక్షణ ఎక్కడ జారిపోతుందో కూడా తెలుసుకోవాలి. పైపు పగిలి రెండు రోజులు నది నీళ్లు రాకపోతే, అదే ట్యాంకులోకి ఊరి బోరు నీళ్లు ఎక్కించడం సులువైన దారి. 0.4 మిల్లీగ్రాముల నది నీళ్లకు 3 మిల్లీగ్రాముల బోరు నీళ్లు సగం సగం కలిస్తే నల్లాలో వచ్చేది 1.7. రంగు, వాసన, రుచి ఏదీ మారదు. బోరు నీళ్లు కలిపిన రోజు ఆ సంగతి దండోరా వేయించడం, నెలకోసారి చివరి ఇంటి నల్లా నీళ్లను రంగు మారే కిట్‌తో చూడటం పెద్ద ఖర్చు కాదు.

ఎత్తిపోతల ఖరీదు

ఒక టీఎంసీ అంటే 2,830 కోట్ల లీటర్లు. దాన్ని 100 మీటర్లు ఎత్తడానికి నష్టాలతో కలిపి దాదాపు కోటి యూనిట్ల కరెంటు కావాలి. 300 మీటర్లైతే 3 కోట్లు. ఆ ఒక్క టీఎంసీ 7.7 లక్షల మందికి ఏడాదంతా రోజుకు 100 లీటర్ల చొప్పున సరిపోతుంది. వరికి పెడితే ఒక పంటకు 5,800 ఎకరాలు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్, నిర్మాణంలో ఉన్న పాలమూరు-రంగారెడ్డి, ఈ ఎత్తిపోతల పథకాలన్నిటికీ ఈ లెక్కే వర్తిస్తుంది. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్లో 2015 తాత్కాలిక ఏర్పాటు ప్రకారం తెలంగాణ వాడుకుంటున్నది 299. ఆ వాటా పెరగాలన్న వాదన న్యాయమైనదే. పెరిగినా ఎత్తు తగ్గదు.

ఎత్తిన నీళ్లను నేరుగా వరి మడికి పారించడం ఒక తీరు, ముందు చెరువులు నింపడం మరో తీరు. గొలుసుకట్టు చెరువులో పై చెరువు అలుగు పారి కింది చెరువుకు పోతుంది. పూడిక తీసిన చెరువు నిండితే కింది బోర్లకు నెలల తరబడి ఊట ఉంటుంది, కొత్త నీళ్లు కలిసి ఫ్లోరైడ్ గాఢత పలచబడుతుంది. పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయసముద్రం నేడు బ్యాలెన్సింగ్ జలాశయంగా పనికొస్తున్నదంటే, చెరువు పెట్టే చోటును వాళ్లు ఎంత సరిగా ఎంచుకున్నారో తెలుస్తుంది. అయితే చెరువు నిండిందన్న ధైర్యంతో కింద వరి విస్తీర్ణం పెంచితే ఎత్తిన నీళ్లు మార్చికే అయిపోతాయి.

యాసంగికి ముందు బోరు దగ్గర

నవంబర్ చివర, నాట్లకు ముందు చేసే కొలతతో చాలా నష్టం తప్పుతుంది. బోరును రాత్రంతా ఆపి, పొద్దున నీటిమట్టం చూడాలి. పైపు, కేబుల్ ఉన్న బోరులో తాడు చిక్కుకుంటుంది కాబట్టి మోటారు దించేటప్పుడే పక్కన సన్నటి గొట్టం ఒకటి దించి ఉంచుకోవాలి. తర్వాత మోటారు వేసి 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో మొదటి గంటలో ఒకసారి, నాలుగో గంట దాటాక మరోసారి చూడాలి. లెక్కకు తీసుకోవాల్సింది రెండోదే. 2 నిమిషాలకు నిండితే నిమిషానికి 100 లీటర్లు. రోజుకు 8 గంటల చొప్పున 120 రోజులకు 57 లక్షల లీటర్లు. ఎకరం వరికి సరిపోయినట్టే కనిపిస్తుంది. ఫిబ్రవరి తర్వాత ఊట తగ్గుతుంది కాబట్టి మూడింట రెండు వంతులే, అంటే 38 లక్షలే నమ్ముకోవాలి. అది ఎకరం వరికి చాలదు, దాదాపు రెండెకరాల పల్లికి చాలుతుంది. వరి నాటితే సరిగ్గా పొట్టకొచ్చే వేళకు, ఒక్క తడి తప్పినా గింజ తాలుపోయే రోజుల్లో, బోరు ఆగి ఆగి పోయడం మొదలవుతుంది.